ముప్పై ఒకటో మిషను

మా ఇద్దరి విమానం టిక్కెట్లకు నేను చేతినుంచి ఒక్క పైసా పెట్టలేదు. ఎనిమిది రాత్రుల హోటలు గదికీ పెట్టలేదు. ఈ సంగతి వీధిలో ఎంతమందిని ఆపి చెప్పానో నాకే గుర్తులేదు. మా ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను, ఇప్పటికీ అదే పట్టుకుని ఉన్నాను. ఊళ్లో దర్జీలందరూ నాకు తెలుసు. వాళ్ల మిషన్లు ఇంకా బాగా తెలుసు. వాళ్లలో సగంమంది కొట్లు మూసేశారు. ఇప్పటి జనానికి చొక్కా చినిగితే పారేయడం తెలుసు కానీ కుట్టించుకోవడం తెలియదు. మిగిలిన సగంమంది పుణ్యమా అని నాకీ ప్రయాణం కుదిరింది.

అదెలాగో చెప్పాలంటే మా బావమరిది గురించి చెప్పాలి. కార్డులు అంటగట్టే ఆఫీసులో వాడికి ఫోను పట్టుకుని కూర్చునే ఉద్యోగం. మెడలో తాడు, తాడుకి వాడి ఫొటో. వాణ్ని చదివించడానికి వాళ్లక్క ఎన్ని కాలర్లు కుట్టిందో వాడికి తెలియదు, ఆమె చెప్పదు, నేను చెబితే దెప్పడం కిందికి వస్తుంది. నాలుగేళ్ల కిందట ఒక నెల వాడి కోటాకి ఒక తల తక్కువైంది. ఆ తల నాదైంది. క్రెడిట్ కార్డు ఇంటికొచ్చింది. నేను దాన్ని తీసుకెళ్లి బీరువాలో బట్టలకింద పెట్టాను.

ఒకరోజు వాడే వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పాడు. ఈ కార్డుతో ఏం కొన్నా పాయింట్లు వస్తాయట. ఆ పాయింట్లు పోగైతే విమానం టిక్కెట్లు ఇస్తారట. గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదట.

"కొనడానికి ఏముందిరా నా మొహానికి" అన్నాను.

"నువ్వు కొనక్కర్లేదు బావా. కొనేవాళ్ల పక్కన నిలబడు చాలు."

వాడు చెప్పిన మాటల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే. ఆనాటినుంచి దర్జీలు సూదులకూ దారాలకూ మోటార్లకూ టోకు కొట్టుకి బయల్దేరితే నేనూ వెంట వెళ్లేవాణ్ని. వాళ్లు నోట్లు నా చేతిలో పెట్టేవాళ్లు, నేను కార్డు గీకేవాణ్ని. ఆ నోట్లు అలాగే తీసుకెళ్లి కార్డు బాకీ కట్టేసేవాణ్ని. ఒక దర్జీ మేస్త్రీ ఒకేసారి నాలుగు కొత్త మిషన్లు కొన్నరోజు నేను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి నా నుదురు ముట్టుకుని చూసింది.

మూడేళ్లు అలా పోగుచేశాను. ఎక్కడికి వెళ్లాలో మాత్రం అనుకోలేదు. కూడబెట్టడంలో ఉన్న సుఖం ఖర్చుపెట్టడంలో ఉంటుందని నేనెప్పుడూ నమ్మలేదు.

ఎక్కడికి వెళ్లాలో ఆవిడే చెప్పింది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే ఫోను పట్టుకుని వచ్చి నిలబడింది. "నీ పాయింట్లు ఎన్నున్నాయి?" అని అడిగింది. మూడేళ్లలో అదే మొదటిసారి అడగడం. చెప్పాను.

"నా మిషను కావాలి" అంది.

ఏ మిషనని నేను అడగలేదు. అడగాల్సిన పనిలేదు.

మేమిద్దరం కలుసుకున్నది పరాయిదేశంలో, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. ఏజెంటుకి డబ్బు కట్టి ఎవరికి వాళ్లం వెళ్లాం. నాకప్పుడు ఇరవై నాలుగు, ఆమెకు ఇరవై. అదొక పొడుగాటి రేకుల షెడ్డు. పన్నెండు లైన్లు, లైనుకి నలభై మిషన్లు. ఈ చివర కత్తిరించిన గుడ్డ మొదలైతే ఆ చివర చొక్కా అయి బయటపడేది. ఆమెది ఏడో లైను, ముప్పై ఒకటో మిషను, కాలరు పని. పొద్దున ఎనిమిదింటికి అన్ని మిషన్లూ ఒక్కసారిగా అందుకుంటే కాళ్లకింద నేల జివ్వుమనేది. మధ్యాహ్నానికల్లా అందరి కనురెప్పల మీదా తెల్లగా నూగు పట్టేది. ఇస్త్రీ ఆవిరి వాసన, మిషను నూనె వాసన, కొత్త గుడ్డకుండే గంజి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త తాను విప్పితే నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేస్తాయి. మళ్లీ మడత పెట్టగానే పోతాయి.

ప్రతి మిషను మీదా ఒక కడ్డీ, కడ్డీకి ఎర్ర దీపం. మిషను ఆగితే కుట్టేమనిషి దీపం వేస్తుంది, మెకానిక్కు పెట్టె పట్టుకుని పరిగెత్తాలి. ఏడు, ఎనిమిది లైన్లు నావి. ముప్పై ఒకటో మిషను దీపం వారానికి రెండుసార్లు వెలిగేది. నేను వెళ్లేసరికి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్షకి కూర్చున్న పిల్లలా ముఖం పెట్టేది. "దారం బిగువు తప్పింది" అనేది. కింది దారపు డబ్బీ తీసి చూస్తే దాని స్క్రూ ఎవరో వేలిగోరుతో అరచుట్టు తిప్పినట్టు ఉండేది. ఎవరో ఏమిటి. ఆమె గోరుకి నూనె మరక కూడా ఉండేది. నేను స్క్రూ బిగించి, పనికిరాని గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూపించేవాణ్ని. ఆమె ఆ కుట్లను వంగి శ్రద్ధగా చూసేది. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. మేం మాట్లాడుకున్నదంతా ఆ మూడు నిమిషాల్లోనే. పెళ్లికి ఒప్పుకున్నది కూడా డబ్బీ చేతిలో ఉండగానే.

పనయ్యాక చీటీ రాయాలి. చీటీ మీద మూడు గళ్లు ఉండేవి, ఒక్కోదాని పక్కన వాళ్ల భాషలో ఏదో రాసి ఉండేది. ఆరేళ్లున్నా ఆ భాషగానీ ఆ అక్షరాలుగానీ నేను నేర్చుకోలేదు. చదువు పేరెత్తితేనే నాకు ఒళ్లుమంట. మొదటిరోజే పెద్ద మెకానిక్కు వేలు పెట్టి చూపించాడు. ఏదైనా విరిగితే మొదటి గడి, అరిగితే రెండోది, ఊరికే బిగిస్తే సరిపోయేది అయితే మూడోది. నేను పనిలో అబద్ధమాడను. మూడో గడిలో టిక్కు పెట్టి సంతకం గీకి సూపర్వైజరు బల్లమీద పడేసేవాణ్ని.

ఇప్పుడా ఫ్యాక్టరీ మూసేశారు. మిషన్లు ఫలానా రోజున అమ్మేస్తున్నారనీ, ఎవరు ముందొస్తే వాళ్లకేననీ ఏడో లైనులో ఆమె పక్కన కూర్చున్న స్నేహితురాలు కబురు పంపింది. మా ఆవిడకి కావలసింది పైభాగం ఒక్కటే. బల్లా మోటారూ నేనిక్కడ బిగించగలను. ఆమె పెద్ద పెట్టెలో నాలుగు జతల బట్టలు పెట్టి మిగతా అంతా ఖాళీగా వదిలేసింది. మిషను బరువెంత, విమానంలో ఎంత ఒప్పుకుంటారు అని నన్నడిగి చేతిమీద పెన్నుతో రాసుకుంది.

బయల్దేరేముందు బావమరిది మూడు ఆదివారాలు వచ్చి నాకు పాఠం చెప్పాడు. విదేశీ ఫీజు లేని కార్డు ఒకటి తెప్పించాడు. అక్కడి కొట్లో కార్డు గీకే మిషను 'మీ డబ్బులోనా, మా డబ్బులోనా' అని అడుగుతుందట. మన డబ్బు కనబడగానే చుట్టాన్ని చూసినట్టు సంబరపడి నొక్కేస్తే మధ్యలో ఎవడో తినేస్తాడు, ఎప్పుడూ వాళ్లదే నొక్కాలన్నాడు. విమానాశ్రయంలో నోట్లు మార్చకూడదు. క్రెడిట్ కార్డు ఏటీఎంలో పెట్టి నోట్లు అస్సలు తీయకూడదు, తీసిన నిమిషం నుంచే వడ్డీ, దానిమీద ఫీజు. నా మామూలు బ్యాంకు కార్డుకి పరాయిదేశంలో వాత పెడతారని దాన్ని ఇంట్లోనే ఉంచేశాను. వాడు ప్రశ్నలడిగితే అన్నిటికీ తడుముకోకుండా చెప్పాను. బడిలో నన్ను బెంచీ ఎక్కించిన మాస్టారు చూసి ఉండాల్సింది.

అక్కడ దిగాక రెండురోజులు నా రాజ్యమే. కొట్లో మిషను అడిగినప్పుడల్లా వాళ్ల డబ్బు నొక్కి, వెనక్కి తిరిగి మా ఆవిడవైపు చూసేవాణ్ని. ఆమె వీధి చూస్తూ ఉండేది. బస్సులో నోట్లే తీసుకుంటారని నడిచాం. అప్పట్లో పెళ్లయ్యాక ఆదివారాలు మేం తిరిగిన వీధులే. చెప్పులు కుట్టేవాడు కూర్చునే మెట్లు ఉన్నాయి, చెప్పులు కుట్టేవాడు లేడు. అవన్నీ చూస్తూ ఆమె నెమ్మదిగా నడిచింది. నేను కాళ్లనొప్పులకి వీధిని తిట్టుకుంటూ నడిచాను.

మూడోరోజు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లాం. షెడ్డులో లైన్లు లేవు. మిషన్ల తలలు మాత్రం విప్పి నేలమీద వరసగా పెట్టారు. అంత పెద్ద షెడ్డులో చప్పుడు లేకపోవడం నాకు చెవిపోటులా అనిపించింది. మా ఆవిడ నంబర్లు చూడలేదు. వరసల మధ్య తిన్నగా నడుచుకుంటూ వెళ్లి ఒకచోట ఆగి కూర్చుంది. వెనకాల గుడ్డని నొక్కే పాదాన్ని ఎత్తే మీట ఒకప్పుడు విరిగితే నేను ఇత్తడితో అతికాను. ఆ అతుకు మీద బొటనవేలు పెట్టి చూపించింది. అదే.

గుమాస్తా సుద్దముక్కతో దానిమీద గీత గీశాడు. ధర మరీ ఎక్కువేం కాదు. కానీ కార్డులు తీసుకోడట, నోట్లే కావాలట. గోడకి అతికించిన కాగితం మీద అదే రాసుందని మా ఆవిడ చదివి చెప్పింది. ఆమెకి ఆ అక్షరాలు వచ్చు, లైనులో అమ్మాయిల దగ్గర నేర్చుకుంది. ఒక గంట ఆపుతానన్నాడు గుమాస్తా. ఆమె మిషను పక్కనే నిలబడింది.

గేటు పక్కనే ఏటీఎం, పది అడుగులు. కార్డు పెట్టాను. తెరమీద ఫీజు అంకె కనబడింది. కార్డు వెనక్కి లాగేసుకున్నాను. బావమరిదికి ఫోను చేశాను.

"తీసెయ్ బావా, ఒక్కసారికి ఏం కాదు" అన్నాడు.

"నువ్వేగా తీయొద్దన్నావు."

"అది మామూలుగా చెప్పా. ఇప్పుడు అక్క మిషను కదా."

మూడు ఆదివారాలు రూలని చెప్పి ఇప్పుడిలా అంటావా, నీ చదువు ఇంతేనా అని ఫోను పెట్టేశాను.

మా ఆవిడ దగ్గర అవసరానికని తెచ్చుకున్న మన నోట్లు ఉన్నాయి, రుమాల్లో చుట్టి. అవి విప్పి నా చేతిలో పెట్టింది. ఎదుటి కొట్లో మారుస్తారు, మార్చుకుని రమ్మంది. పావుగంటలో వస్తానన్నాను. ఎదుటికొట్టువాడి రేటు చూస్తే పట్టపగలు దొంగతనం. పక్కవీధిలో ఇంకొకడున్నాడు, వాడు కొంచెం నయం. రెండోవాడు నయమైతే మూడోవాడు ఇంకా నయం కాకపోతాడా అని బజారుదాకా వెళ్లాను. నా ఊహ తప్పలేదు. మొదటివాడికీ మూడోవాడికీ ఉన్న తేడాతో రెండు కాఫీలు తాగొచ్చు. ఆ తేడా లెక్కేసుకుని వీధిలో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నేను వెళ్లేసరికి గంటా ఇరవై నిమిషాలైంది. మా ఆవిడ షెడ్డు బయట మెట్లమీద కూర్చుని ఉంది. లోపల మా మిషను పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి ఒకతె రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటోంది. వేరే ఊళ్లో కుట్టుకొట్టు పెడుతోందట. మంచి మిషన్లన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి, వరసలో ఆమె వంతు వచ్చేసరికి మిగిలినవాటిలో నడిచేది అదొక్కటే.

తప్పు చేసినప్పుడు నాకు ముందు గొంతు లేస్తుంది. ఇరవై నిమిషాలకే కొంపలంటుకున్నాయా, ఇంకాసేపు ఆపమని అడగలేకపోయావా అన్నాను.

"పది నిమిషాలు అడిగా, ఇచ్చాడు. ఇంకో ఐదు అడిగా, ఇచ్చాడు. మూడోసారి సిగ్గేసింది."

నేను రేట్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మొదటివాడి రేటు, రెండోవాడి రేటు. ఆమె అడ్డం రాలేదు, చివరిదాకా విన్నది. విన్నాక ఏ సంబంధమూ లేకుండా ఒక ప్రశ్న అడిగింది.

"ఆ చీటీలో మూడో గడి పక్కన ఏం రాసుండేదో తెలుసా నీకు?"

"స్క్రూ వదులని."

"కుట్టేమనిషి తప్పు అని ఉండేది. టిక్కు పడితే పావుగంట కూలి కోసేవాళ్లు."

నేను నోరు తెరిస్తే ఏమొచ్చింది. "ఎన్నిసార్లు?" అని వచ్చింది.

"వారానికి రెండు, ఏడాదిన్నర. లెక్క నువ్వే వేసుకో, నీకు బాగా వచ్చుగా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రావడం మానేస్తావని" అంది. "నువ్వు అలాంటోడివే."

కోపంగా అనలేదు. బయట ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పింది. ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని నాకంటే బాగా ఎరిగినవాళ్లెవరు. వాడికి ఆ సంగతి తెలిసి ఉంటే మొదటి గడిలో టిక్కు పెట్టేవాడు కాదు. స్క్రూ ముట్టుకోవద్దని ఆమెకే బుద్ధి చెప్పి, తన నిజాయితీని తనే మెచ్చుకుంటూ ఎనిమిదో లైనుకి వెళ్లిపోయేవాడు. ఆ మూడేసి నిమిషాలూ ఉండేవి కావు. మేమూ ఉండేవాళ్లం కాదు. జీవితమంతా ఎవడికీ ఫీజు కట్టలేదని విర్రవీగాను. నా తరఫున ఎవరు కడుతూ వచ్చారో నాకు తెలియలేదు. మన దేశంలో తమ్ముడి బడికి పంపగా మిగిలిన దాంట్లోంచి, వారానికి రెండు పావుగంటలు.

అప్పుడే లోపల దబ్బున చప్పుడైంది. మోసేవాళ్లు మిషనుని చక్రం పట్టుకుని ఎత్తారు. చక్రం పట్టుకుని ఎవడైనా ఎత్తుతాడా. నేను లేచి పరిగెత్తాను. మిషను చేజారి సూది కడ్డీ నేలకి తగిలింది. చక్రం చేత్తో తిప్పి చూస్తే అనుకున్నంతా అయింది. సూది కిందికి దిగిన క్షణానికి అడుగున కొక్కెం వచ్చి దారం అందుకోవాలి, ఇప్పుడది ఆలస్యంగా వస్తోంది. ఇలా ఉంటే ఒక్క కుట్టు పడదు. చూపించి చెప్పాను. ఆ అమ్మాయికి నా భాష రాదు కానీ, ముఖం చూస్తే విషయం అర్థమైనట్టే ఉంది. కొత్తకొట్టు, అప్పుచేసి పెడుతున్నట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను జేబులో డబ్బు తడిమాను. ఎలాగూ పాడైంది కదా, మేమే కొనేస్తామని చెప్పమని మా ఆవిడ చెవిలో అన్నాను. ఆమె మిషను వైపు చూసింది, ఆ అమ్మాయి వైపు చూసింది.

"మనింట్లో దానిమీద గుడ్డ కప్పి పెడతాం. రోజూ తుడుస్తా, అంతే" అంది. "ఆ పిల్ల కుడుతుంది."

తర్వాత ఆ అమ్మాయితో వాళ్ల భాషలో మాట్లాడింది. గుమాస్తాతో అన్న నాలుగు ముక్కలు తప్ప పాతికేళ్లుగా నోట పలకని భాష. మొదట రెండుమాటలకి ఒకసారి ఆగి వెతుక్కుంది, తర్వాత ఆగలేదు. ఆ అమ్మాయి నావైపు తిరిగి గబగబా తలూపింది. ఏం చెప్పావని అడిగితే, నువ్వు వెళ్లి సరిచేసి, బిగించి, నడిపించి వస్తావని చెప్పానంది. ఊరు మూడుగంటల దూరమట. నడవనివి ఇంకో నాలుగు మిషన్లు చవగ్గా కొన్నదట, అన్నీ చూడాలట.

అంటే రెండుమూడు రోజుల పని. హోటల్లో ఇంకా ఆరురాత్రులు మిగిలున్నాయి, పాయింట్లతో తీసుకున్నవి. పడుకోకపోతే పోతాయి, పాయింట్లు తిరిగి ఇవ్వరు. మూడేళ్లు ఎంతమంది దర్జీల వెనక తిరిగితే ఆ ఆరురాత్రులు వచ్చాయో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నా ముఖం చూస్తూ ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"స్పానర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో అడుగు" అన్నాను. "ఒట్టి చేతులతో ఏం బిగిస్తాను."

వ్యానులో ముందు ముగ్గురికే చోటు. తోలేవాడు, ఆ అమ్మాయి, మా ఆవిడ కూర్చున్నారు. నేను వెనకాల మిషన్ల మధ్య కూర్చుని ముప్పై ఒకటోదాన్ని మోకాళ్ల మధ్య పట్టుకున్నాను, గతుకులకి మళ్లీ దెబ్బ తగలకుండా. ఊరు దాటేసరికి పాతనూనె కారి నా ప్యాంటుకి పట్టింది. ఉతికినా పోని మరక అది. ముందుసీటుకీ నాకూ మధ్య చిన్న కిటికీ ఉంది, దానికి అద్దం లేదు. మా ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఆ అమ్మాయి పడీపడీ నవ్వుతోంది, తోలేవాడు కూడా నవ్వి ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. నా గురించే అయ్యుంటుంది. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ భాషలో ఆమె నవ్వు వేరు. మన భాషలో ఆమె అలా నవ్వడం నేను చాలా ఏళ్లుగా వినలేదు. ఏమంటున్నావని అడగలేదు. అడిగితే ఆపేస్తుందేమోనని.